బిల్లు కట్టినోడే మనిషా? (దవాఖాన ముచ్చట్లు - 6)



పోయిన భాగం చదివి మా కాలేజీ పిల్లలు ఇద్దరు ఒకే ప్రశ్న అడిగారు. "సార్, డాక్టర్ తప్పు చేస్తే కేసు ఎక్కడ వెయ్యాలె?" ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం మీ చేతిలో బిల్లు ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఈ భాగమంతా ఆ బిల్లు గురించే. పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికతో చదవండి.

2023 ఏప్రిల్‌లో మన జగిత్యాల పేరు రాష్ట్రమంతా పేపర్లకెక్కింది. అంతకు పదహారు నెలల ముందు జగిత్యాల సర్కారు దవాఖానలో ఒక యువతికి సిజేరియన్ చేశారు. ఆ తర్వాత ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది, తగ్గలేదు. వేములవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీస్తే కడుపులో గుడ్డ కనబడింది. మళ్లీ కోసి తీశారు. కలెక్టర్ విచారణకు ఆదేశించారు. కొన్ని రోజులు టీవీల్లో నడిచింది. తర్వాత ఇంకో వార్త వచ్చింది, ఇది పోయింది.

అప్పుడు అందరూ అడిగింది "ఎవరా డాక్టర్?" అనే. కోపం వచ్చినప్పుడు మొదట వచ్చే ప్రశ్న అదే, తప్పులేదు. నేను ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. చట్టం ముందు ఆ తల్లి ఎవరు?

అదే గుడ్డ ఏ నర్సింగ్ హోమ్‌లోనో నలభై వేల బిల్లు కట్టించుకుని కడుపులో మరిచిపోయి ఉంటే ఆమె "వినియోగదారు". జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. లాయర్ లేకుండా తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. సర్కారు దవాఖానలో ఉచితంగా కాన్పు అయింది కాబట్టి ఆ తలుపు ఆమెకు మూసి ఉంది. ఒకే గుడ్డ, ఒకే కడుపు, ఒకే నొప్పి. తేడా ఒక్క బిల్లు.

ఈ గీత ఎక్కడ గీశారో చూద్దాం. 1995 నవంబర్ 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందికి రారని అసోసియేషన్ వాదించింది. వస్తారని కోర్టు తేల్చింది. ఈ దేశంలో రోగికి దొరికిన మొదటి బలమైన ఆయుధం అది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అదే తీర్పు ఆసుపత్రులను మూడు రకాలుగా విడగొట్టింది. అందరి దగ్గరా పైసలు తీసుకునేవి చట్టం కిందికి వస్తాయి. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసేవి కూడా వస్తాయి, అక్కడ ఉచితంగా చూపించుకున్నవాళ్లకూ హక్కు ఉంటుంది. అందరికీ ఉచితంగా చేసేవి మాత్రం రావు. నామమాత్రంగా ఓపీ చీటీకి కట్టే రూపాయలు లెక్కలోకి రావు. 2019లో కొత్త చట్టం వచ్చినా "ఉచిత సేవ" బయటే ఉండిపోయింది.

మరి మనం పన్నులు కడుతున్నాం కదా, సర్కారు దవాఖాన నడిచేది ఆ పైసలతోనే కదా అంటారా? ఆ వాదన కూడా అప్పుడే కోర్టు ముందుకు వచ్చింది. పన్ను అనేది సేవకు కట్టిన ప్రతిఫలం కాదని కొట్టేశారు. కోరుట్లలో బీడీలు చుట్టే అక్క సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోన్ రీచార్జ్ చేయించినా పన్ను కడుతుంది. అది ఆమెను వినియోగదారుగా చేయదు. దవాఖానలో ఆమెకు మిగిలిన పేరు ఒక్కటే: లబ్ధిదారు.

నేను తెలుగు చదువు చెప్పుకుని బతికేవాణ్ని, మాటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. మన పెద్దవాళ్లు సర్కారు దవాఖానను ఇప్పటికీ "ధర్మాసుపత్రి" అంటారు. ఇక్కడ ధర్మం అంటే న్యాయం కాదు. "ధర్మం చెయ్యండి బాబూ" అనేటప్పటి ధర్మం. దానం. దానం తీసుకునేవాడు బియ్యంలో రాళ్లు ఉన్నాయని అడగడు, అడిగితే కృతఘ్నుడంటారు. కాన్పు కోసం పోయిన ఆడమనిషిని "పుక్యానికి వచ్చి ఇన్ని మాటలా" అని ఆయా తిట్టినా, నర్సు కసిరినా, డాక్టర్ మొహం చూడకుండా చీటీ రాసినా ఆమె నోరు లేవదు. నోరు లేవకపోవడం ఆమె స్వభావం అని కొందరు మిత్రులు కథల్లో రాస్తారు. స్వభావం కాదు. అడిగే హక్కు ఆమెకు లేదని ఆ గోడలు, ఆ మాటలు, చివరికి చట్టం కూడా ఆమెకు నేర్పాయి.

అట్లని ఫీజు కట్టగానే మనిషైపోతామా? బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో నమోదు చేసిన సంగతి గుర్తు చేసుకోండి. కథియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. బాలింత భార్యకు జబ్బు చేసింది. డాక్టర్ వాడలోకి రానన్నాడు. బాలింతను వాడ బయటికి తీసుకొచ్చారు. థర్మామీటర్‌ను ఆమెకు నేరుగా ఇవ్వలేదు. ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు, అతను పంతులుకు ఇచ్చాడు, పంతులు భార్యకు పెట్టాడు. డాక్టర్ ముట్టుకోకుండానే న్యుమోనియా అన్నాడు. ఆమె చనిపోయింది. ఆ భర్త రాసిన ఉత్తరం 1929 డిసెంబర్ 12న గాంధీ గారి యంగ్ ఇండియాలో అచ్చయింది. ఆ కథలో చాలామంది గమనించని ఒక చిన్న వివరం ఉంది. ఆ పంతులు రెండు రూపాయల ఫీజు కట్టాడు. ఇవాళ్టి చట్టం ప్రకారం ఆయన నికార్సైన వినియోగదారు. ఆ రెండు రూపాయలు డాక్టర్‌ను వాడ లోపలికి తేలేకపోయాయి.

కాబట్టి నా వాదన ఇది. రోగి హక్కు ఫీజులోంచి పుట్టకూడదు, పౌరసత్వంలోంచి పుట్టాలి. ఫీజులోంచి పుడితే పైసలు లేనివాడికి హక్కే ఉండదు, పైసలు కట్టిన మనవాడికి సగమే ఉంటుంది.

ఇది గాలిలో చెప్పే మాట కాదు. కోర్టులే చెప్పిన రెండు సందర్భాలున్నాయి, రెండూ మనలాంటివాళ్లవే.

మొదటిది ఔరంగాబాద్. ఒకప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలో ఉన్న ఊరు. 1963 జూలైలో అక్కడి సర్కారు దవాఖానలో ఒక తల్లికి కాన్పు అయ్యాక పిల్లలు కాకుండా ఆపరేషన్ చేశారు. కడుపులో తువ్వాలు మరిచిపోయారు. పది పన్నెండు రోజుల్లో ఆమె చనిపోయింది. కింది కోర్టు 36 వేల రూపాయలు ఇమ్మంది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు 1996 ఫిబ్రవరిలో ఆ 36 వేలను మళ్లీ నిలబెట్టింది. కడుపులో తువ్వాలు ఉందంటే నిర్లక్ష్యానికి వేరే సాక్ష్యం అక్కర్లేదని, తన ఉద్యోగుల తప్పుకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని చెప్పింది. అచ్యుతరావ్ ఖోడ్వా కేసు అంటారు. ఏ డాక్టర్ చేతిలోంచి ఆ తువ్వాలు జారిందో తేల్చాల్సిన పని కూడా లేదు. న్యాయం బాగుంది. పట్టిన కాలం 33 ఏళ్లు.

రెండోది బెంగాల్. 1992లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఒక సర్కారు దవాఖాన తర్వాత ఇంకోటి, బెడ్ లేదనో సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చూపించుకున్నాడు. కేసు వేసింది ఎవరో తెలుసా? ఆయన సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. 1996 మేలో సుప్రీంకోర్టు సమయానికి వైద్యం అందించకపోవడం ఆర్టికల్ 21 ఉల్లంఘన అన్నది, 25 వేలు పరిహారం ఇమ్మన్నది. పైసలు లేక వైద్యం చేయలేకపోయామన్న ప్రభుత్వ సాకును ఒప్పుకోలేదు. ఒక కూలీల సంఘం ఈ దేశానికి ఇచ్చిన హక్కు అది. మన కైకిలి సంఘాలు, బీడీ సంఘాలు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల సంఘాలు ఆ పని ఎందుకు చేయకూడదు?

కానీ ఆ తొవ్వ ఎంత ఇరుకో కూడా చూడాలి. సర్కారు మీద సివిల్ దావా వేయాలంటే ముందు నోటీసు, రెండు నెలల ఆగుడు, కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. ప్రైవేటు మీద వేసినవాళ్ల గతి కూడా గొప్పగా లేదు. హైదరాబాద్‌లో 2002లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మలేరియాకు చికిత్స చేయకుండా టైఫాయిడ్‌కు చేసింది, ఆమె చనిపోయింది. భర్త స్వయానా మలేరియా విభాగంలో అధికారి. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంది. నిపుణుల అభిప్రాయం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ అదే అన్నది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పి ఆ 2 లక్షలు నిలబెట్టింది. కిషన్‌రావు కేసు అంటే ఇదే. మలేరియా గురించి అందరికంటే బాగా తెలిసిన ఉద్యోగికి నాలుగు మెట్లెక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది. పొద్దున లేస్తే కూలికి పోవాల్సిన మనిషి రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాడు.

ఇంకోటి వినండి. గోవాలో పనిచేసే ఒక నర్సుకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయింది. 2002లో కడుపులోంచి గాజుగుడ్డ తీశారు. ఆమె కేసును సుప్రీంకోర్టు 2010లో కాలం చెల్లిందని తోసిపుచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నొప్పి ఉందని నువ్వే అంటున్నావు, మరి అప్పుడే ఎందుకు పరీక్ష చేయించుకోలేదని అడిగింది. వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్లే. ఇప్పుడు మన ఆడవాళ్లను తలుచుకోండి. నొప్పి వస్తే ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, మెడికల్ షాపులో రెండు గోలీలు, మళ్లీ బీడీల చాట ముందు కూర్చోవడం. పంటి బిగువున ఓర్చుకోవడాన్ని మనం సహనం అని పొగుడుతాం. చట్టం దాన్ని ఆలస్యం అంటుంది.

ఇక ప్రాణం విలువ లెక్కగట్టే పద్ధతి. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డకు ఆపరేషన్ చేశారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. పరీక్ష కోసం తీసుకున్న సమ్మతితో మొత్తం గడ్డనే తీసేశారు, పక్కన న్యూరోసర్జన్ లేడు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది. చక్రాల కుర్చీలో కూర్చుని ఆయనే సొంతంగా వాదించుకున్నాడు. ఆ మనిషికి దండం పెడతాను. అమెరికాలో స్థిరపడ్డ ఒక డాక్టర్ భార్య 1998లో కోల్‌కతాలో వైద్యం వికటించి ముంబైలో చనిపోతే 2013లో దాదాపు 6 కోట్లు ఇప్పించారు. ఆ లెక్కల్లో ముఖ్యమైన అంకె సంపాదన: మనిషి ఎంత సంపాదిస్తున్నాడు, ఇంకెన్నేళ్లు సంపాదించేవాడు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే అక్కను, నాట్ల కాలంలో నాలుగు వారాల పని దొరికే అవ్వను ఆ లెక్కలో పెట్టి చూడండి. బతికుండగా తక్కువ కూలి ఇచ్చి దోచుకున్న సమాజమే, చనిపోయాక ఆ తక్కువ కూలినే చూపించి తక్కువ పరిహారం ఇస్తుంది. కులం పేరు ఎక్కడా ఎత్తకుండా కులం పని చేయడం అంటే ఇదే.

ఇంతవరకు కోర్టుల ముచ్చట. మన టౌన్లలో నిజంగా జరిగేది కోర్టుల దాకా పోదు. ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడాలి. కొందరు మిత్రులకు కోపం రావచ్చు.

ఆ మధ్య మన జిల్లాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయిన తల్లి చనిపోయింది. ఊరు, ఆసుపత్రి పేర్లు రాయను. మనవాళ్లే. గేటు ముందు శవం, టెంటు, పోలీసులు, రెండు మూడు సంఘాల నాయకులు. రాత్రి తొమ్మిదింటికి ఒక స్టాంపు కాగితం తయారైంది. చనిపోయినామె అన్న నన్ను పక్కకు పిలిచి "సార్, నువ్వు తెలుగు సారువు గదా, జర చదివి చెప్పు" అన్నాడు. చదివాను. "మరణం సంభవించినది." "విధివశాత్తు జరిగినది." "మానవతా దృక్పథంతో ఆర్థిక సహాయం అందజేయబడినది." "భవిష్యత్తులో ఎటువంటి కేసులు పెట్టబోమని ఎవరి బలవంతం లేకుండా అంగీకరించడమైనది." పిల్లలకు కర్తరి, కర్మణి వాక్యాలు చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాగితమంతా వెతికినా కర్త లేడు. చనిపోవడం దానంతట అది జరిగింది, పైసలు వాటంతట అవి అందజేయబడ్డాయి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వేలిముద్రతో సహా కనిపించేది ఒక్కరే, కేసు పెట్టబోమని ఒప్పుకున్న మనిషి.

నేను అడిగింది ఒకటే: "కేసు షీటు తీసుకున్నారా?" ఎవరి దగ్గరా లేదు. ఎవరూ అడగలేదు. అంతమంది నాయకుల్లో, అన్ని నినాదాల్లో ఆ మాటే రాలేదు. బేరం మొదటి గంటలోనే మొదలైంది. ఎంత ఇస్తారన్నదే ముచ్చట, ఏం జరిగిందన్నది కాదు. ఆ డబ్బులోంచి మధ్యవర్తుల చేతుల్లోకి పోయినదాని గురించి వాడంతా చెప్పుకుంది.

ఆ కుటుంబాన్ని నేను తప్పు పట్టను. పసిగుడ్డు ఆకలికి ఏడుస్తుంటే ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే న్యాయం కోసం ఆగమని చెప్పే హక్కు నాకు లేదు. నేను తప్పు పట్టేది నీలి కండువా వేసుకుని ఆ టెంటు కింద కూర్చుని రేటు మాట్లాడినవాళ్లను. శవం దగ్గర జై భీమ్ అని మొదలుపెట్టి "మానవతా దృక్పథం" అనే మాట కింద సంతకం పెట్టినవాళ్లను. బాబాసాహెబ్ బోధించు, సమీకరించు, పోరాడు అన్నాడు. మధ్యవర్తిత్వం చెయ్యమనలేదు. ఇంకో సంగతి: నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం రాజీ పడదగ్గ నేరాల జాబితాలో లేదు. క్రిమినల్ కేసు పెట్టబోమని రాయించుకున్న ఆ వాక్యం నేరాన్ని మాఫీ చేయలేదు. ఆ కాగితం పనిచేసేది మన భయం మీద మాత్రమే.

అద్దాలు పగలగొట్టడం కూడా మనకు పనికిరాదు. డాక్టర్ల మీద చెయ్యి చేసుకోవడాన్ని నేను ఏ రోజూ సమర్థించను. రాత్రి డ్యూటీలో దెబ్బలు తినేది యజమాని కాదు, జీతానికి చేసే పిల్ల డాక్టర్, నర్సు. పైగా 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో ఆసుపత్రులపై దాడులకు ప్రత్యేక చట్టం తెచ్చారు. మూడేళ్ల వరకు జైలు, పాడైన ఆస్తికి రెట్టింపు పరిహారం. ఆ చట్టం ఉండాలి. కానీ పక్కన పెట్టి చూడండి: పగిలిన అద్దానికి రెట్టింపు అని చట్టంలో రాసి ఉంది. ఉచిత వార్డులో పోయిన ప్రాణానికి ఎంతో ఏ చట్టంలోనూ రాసి లేదు.

రాసి లేనప్పుడు ఏం జరుగుతుందో ఇబ్రహీంపట్నం చూపించింది. 2022 ఆగస్టు 25న అక్కడి సర్కారు దవాఖానలో 34 మంది ఆడవాళ్లకు ఒకే రోజు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తరలించారు. ప్రభుత్వం 5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు గురుకులంలో చదువు ప్రకటించింది. అధికారుల మీద చర్యలు తీసుకుంది. పూర్తిగా ఏమీ చేయలేదని నేను అనను. అయితే అదంతా ప్రకటన. వార్త పెద్దదైంది కాబట్టి వచ్చింది. ఒక్కరే చనిపోయి, టీవీ కెమెరా రాకపోతే? అక్కడా మనం లబ్ధిదారులమే.

ఇక తప్పు జరిగిందని ఎవరూ అనని హాని ఒకటి ఉంది. ఆపరేషన్ "సక్సెస్", కుట్లు మానాయి, గుడ్డ మిగల్లేదు. అసలు ఆ ఆపరేషనే అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. తెలంగాణలో 60.7, దేశంలోనే అందరికంటే ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల ఒకప్పుడు భాగంగా ఉన్న కరీంనగర్ జిల్లాలో 80 దాటింది. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర, మన రాష్ట్రంలో 8 శాతం పైన. ఇన్నిట్లో ఎన్ని అవసరమైనవి అని ఏ దవాఖాన ఎవరికి జవాబు చెప్పింది? "సంచి పాడైంది, తీయకపోతే క్యాన్సర్ అయితది" అన్న ఒక్క మాటకు ముప్పై ఐదేళ్ల కూలి మనిషి పుస్తెలు కుదువబెట్టి ఆపరేషన్ చేయించుకుంటుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, పరీక్షకు ఇచ్చిన సమ్మతి గర్భసంచి తీయడానికి సమ్మతి కాదని చెప్పింది. ఏం చేస్తున్నారో, చేయకపోతే ఏమవుతుందో, వేరే దారి ఏముందో రోగికి అర్థమయ్యేలా చెప్పాలన్నది. మన నర్సింగ్ హోముల్లో పెట్టే సమ్మతి కాగితం ఏ భాషలో ఉంటుంది? ఇంగ్లీషులో. ఎప్పుడు పెడతారు? స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక. చదవలేని భాషలో పెట్టిన వేలిముద్ర సమ్మతి ఎట్లయితది? గర్భసంచుల మీద వేసిన ఇంకో పిటిషన్‌లో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. మన జిల్లాలో అమలు ఎక్కడిదాకా వచ్చిందో అడిగే పని మనదే.

ఇప్పుడు అటువైపు వాదనలు. "ఇట్లా ప్రతిదానికీ కేసులంటే సర్కారు దవాఖానలో పనిచేసే డాక్టర్లు కూడా పారిపోతారు" అంటారు. డాక్టర్‌ను జైల్లో పెట్టడం నా డిమాండ్ కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు, అదీ ఇంకో డాక్టర్ స్వతంత్ర అభిప్రాయం తీసుకున్నాకే అన్నది. ఆ రక్షణ ఉండనివ్వండి. కొత్త న్యాయ సంహితలో డాక్టర్లకు శిక్ష రెండేళ్లకు పరిమితం చేశారు, అదీ ఉండనివ్వండి. నలుగురు చేయాల్సిన డ్యూటీ ఒక్కరు చేస్తుంటే గుడ్డలు లెక్కపెట్టేది ఎవరు? ఆ ఒక్కరిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకోవడం జవాబుదారీతనం కాదు. చెల్లించాల్సింది ప్రభుత్వం. ఔరంగాబాద్ తీర్పు చెప్పింది కూడా అదే.

రెండో మాట ఇంకా విషం. ఎక్కడ ఏ తప్పు జరిగినా "రిజర్వేషన్ డాక్టర్ల చేతిలో పడితే ఇంతే" అని ఒకడు రాస్తాడు. కోటి పోసి సీటు కొన్నవాణ్ని "డొనేషన్ డాక్టర్" అని ఎవడూ అనడు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బీడీలు చుట్టిన, మగ్గం నడిపిన తల్లుల పిల్లలు అక్కడ చదువుతున్నారు. రేపు వాళ్లే డాక్టర్లు. ఏం జరిగిందో ఫైలు చూసి తేల్చే పద్ధతి ఉంటే ఆ పిల్లలకే రక్షణ. ఫైలు లేని చోట కులాన్ని చూసి తీర్పు చెప్తారు.

అందుకే నా మాటంతా చివరికి ఒక కాగితం దగ్గరికి వస్తుంది. కేసు షీటు. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇవి రాసి పెట్టుకోండి.

ఒకటి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫు మనిషి గానీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. ఘటన జరిగిన రోజే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. టెంటు తర్వాత వేయొచ్చు.

రెండు. సర్కారు దవాఖాన అయితే అదనంగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్లకార్డు కుటుంబమైతే రుసుము లేదు. విచారణకు ఆదేశించారు అన్న ప్రతి వార్త కింద మన దరఖాస్తు ఒకటి ఉండాలి: ఆ నివేదిక ఏది?

మూడు. ప్రైవేటు అయితే రెండేళ్ల గడువు మరవొద్దు. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవాళ్లు కూడా "మేము పైసలు కట్టలేదు కదా" అని ఆగొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా అది ఉచితం కాదని శాంతా తీర్పే చెప్పింది. మీ తరఫున ట్రస్టు కట్టినప్పుడూ తర్కం అదే.

నాలుగు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇవ్వాలి. సర్కారు మీద దావా వేయాలన్నా ఇదే దారి. అదే చట్టం కింద నడిచే శాశ్వత లోక్ అదాలత్ పరిధిలో ఆసుపత్రి సేవలు కూడా ఉన్నాయి.

ఐదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. అయితే 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టంలో, కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే పైకి అప్పీలుకు పోయే దారి డాక్టర్‌కే రాశారు. రోగికి రాయలేదు. ఇది మార్చాలని అడగడం కూడా మన ఉద్యమంలో భాగమే.

మన డిమాండ్లు మూడు. ఉచిత వైద్యంలో హాని జరిగితే ఎవరి తప్పో తేలేదాకా ఆగకుండా పరిహారం ఇచ్చే చట్టం రాష్ట్రం తేవాలి, ఆ పరిహారం సంపాదనను బట్టి కాక అందరికీ ఒకే కొలతతో ఉండాలి. సమ్మతి పత్రాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలి, ఆపరేషన్‌కు ముందు రోజే చదివి వినిపించాలి. కాన్పు చావుల మీద, కడుపులో వస్తువులు మరిచిన ఘటనల మీద జరిగే ప్రతి విచారణ నివేదిక పేర్లు తీసేసి బయట పెట్టాలి.

హాస్టళ్లలో ఉండే విద్యార్థులకు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాడలో ఎంతమంది ఆడవాళ్ల దగ్గర వాళ్ల ఆపరేషన్ కాగితాలు ఉన్నాయో అడగండి. ట్రంకు పెట్టెలో, బియ్యం డబ్బా వెనక, ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి కొన్ని. చాలామంది దగ్గర ఉండవు. ఉన్నవాటిని ఫోన్లో ఫొటో తీసి వాళ్ల ఫోన్లోనే భద్రం చేయండి. ఏం ఆపరేషన్ చేశారు, ఎందుకు చేశారని అందులో రాసి ఉందో ఆమెకు ఆమె భాషలో చదివి చెప్పండి. తన ఒంటికి ఏం జరిగిందో మొదటిసారి వింటున్న మనిషి ముఖం మీరే చూస్తారు. ఉద్యమం ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు నేను చెప్పనక్కర్లేదు.

వచ్చే భాగంలో బీడీ కార్మికుల దవాఖానల గురించి.

జై భీమ్.